శరీర కేంద్రిత ట్రామా థెరపీకి వెళ్లే ముందు: సమ్మతి పత్రాన్ని ఎలా చదవాలి, ఏం అడగాలి

మాటలతో సాగే కౌన్సెలింగ్‌లో చెప్పదలచుకోని విషయాన్ని క్లయింట్ తన దగ్గరే ఉంచుకోగలుగుతారు. ట్రామా, అంటే ప్రమాదమో హింసో మనసు మీద, ఒంటి మీద మిగిల్చిన గాయం కోసం, శరీరం ఆధారంగా సాగే థెరపీలో ఆ వెసులుబాటు కొంత తగ్గుతుంది. ఊపిరి ఎక్కడ ఆగుతోందో, ఏ మాట దగ్గర భుజాలు బిగుసుకుంటున్నాయో, ఎవరి పేరు వచ్చినప్పుడు చేతులు వణుకుతున్నాయో థెరపిస్ట్ గమనిస్తూనే ఉంటారు; కొన్ని పద్ధతుల్లో, క్లయింట్ ఒప్పుకుంటే, వీపు మీదో భుజం మీదో చేయి కూడా ఉంచుతారు. అందువల్ల ఈ చికిత్సకు ముందు ఇచ్చే సమ్మతి పత్రాన్ని మరింత శ్రద్ధగా చదవాలి. మన దగ్గర చాలామంది దాన్ని బ్యాంకు ఫారంలా చూసి, చివరి పేజీ తిప్పి, ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం చేసి ఇచ్చేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ తరహా థెరపీ తీసుకోవాలనుకునేవారు ఆ కాగితంలో ఏం వెతకాలి, అది లేకపోతే ఏం అడగాలి, ఎలాంటి జవాబు వస్తే ముందుకు వెళ్లాలి, ఎలాంటి జవాబు వస్తే లేచి రావాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయం. థెరపీ ఇచ్చేవారు తమ పత్రాన్ని సరిచూసుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

ఈ రంగంలో తరచుగా వినిపించే పేర్లు మూడు: పీటర్ లెవిన్ రూపొందించిన సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్, పాట్ ఆగ్డెన్ రూపొందించిన సెన్సోరీమోటర్ సైకోథెరపీ, రాన్ కర్ట్జ్ మొదలుపెట్టిన హకోమీ. మూడింటి చరిత్రలోనూ అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ముఖ్యంగా బౌల్డర్ పట్టణం కనిపిస్తుంది. వీటి మధ్య తేడాలున్నా పునాది ఆలోచన దగ్గరదగ్గరగా ఉంటుంది. ప్రమాదం ఎదురైనప్పుడు మనిషి ఎదిరించాలనో, పారిపోవాలనో చూస్తాడు. రెండూ కుదరనప్పుడు ఒళ్లు కొయ్యబారిపోతుంది. ప్రమాదం దాటిపోయిన తర్వాత కూడా ఆ స్పందన పూర్తిగా సద్దుమణగక, నిద్రలేమిగానో, ఉలికిపాటుగానో, ఏ డాక్టరుకూ అంతుపట్టని నొప్పిగానో మిగిలిపోవచ్చునని ఈ పద్ధతులు భావిస్తాయి. అందుకే జరిగినదాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకేసారి చెప్పించరు. ఇప్పుడు, ఈ గదిలో, ఒంట్లో ఏం తెలుస్తోందో చిన్న చిన్న మోతాదుల్లో గమనించమంటారు.

సైకోథెరపీ చేసేవారు మొదట్లోనే క్లయింట్‌కు ఒక వివరణ పత్రం రాతపూర్వకంగా ఇవ్వాలని ఆ కొలరాడోలోనే చట్టం ఉంది. థెరపిస్ట్ చదువు, శిక్షణ, లైసెన్సు వివరాలు; వారిపై ఏ ప్రభుత్వ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చో; వాడే పద్ధతి, పట్టే కాలం, ఫీజుల గురించి తెలుసుకునే హక్కు; మరొకరి అభిప్రాయం తీసుకునే హక్కు; ఎప్పుడైనా ఆపేసే హక్కు; థెరపిస్టుకూ క్లయింటుకూ మధ్య లైంగిక సాన్నిహిత్యం ఎన్నటికీ తగదని, అలాంటిది జరిగితే ఫిర్యాదు చేయాలని చెప్పే వాక్యం; గోప్యతకు ఉన్న మినహాయింపులు, ఏడేళ్ల తర్వాత రికార్డులు ఉండకపోవచ్చన్న హెచ్చరిక దానిలో ఉంటాయి. మన దేశంలో ప్రైవేటు కౌన్సెలర్లందరికీ వర్తించే ఇలాంటి నియమం లేదు. కాబట్టి మీ చేతికి వచ్చిన పత్రాన్ని, అది అరపేజీ అయినా పది పేజీలైనా, ఈ జాబితాతో పోల్చి చూడడం మంచి మొదటి అడుగు. అసలు పత్రమే ఇవ్వకపోతే అడగండి. 'మన మధ్య కాగితాలెందుకండీ' అన్న జవాబు ఎంత ఆప్యాయంగా వచ్చినా దాన్ని ఆప్యాయతగా తీసుకోకూడదన్నది నా అభిప్రాయం.

ఎదురుగా కూర్చున్నది ఎవరు

మన దగ్గర ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. సైకియాట్రిస్ట్ వైద్యుడు, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటారు, మందులు రాసేది వారే. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ వద్ద నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్యను అడిగి మండలి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. 1992 నాటి ఆ చట్టం ప్రకారం, నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ వెయ్యి రూపాయలు ఈ రోజుల్లో చాలాచోట్ల ఒక సెషన్ ఫీజు కంటే తక్కువన్నది వేరే సంగతి. కౌన్సెలర్లు, ఇతర సైకాలజిస్టుల వంటి వారి కోసం 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది.

దీనికి తోడు పద్ధతి సర్టిఫికెట్ అనే మరో పొర ఉంటుంది. సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ శిక్షణ సాధారణంగా మూడేళ్ల పాటు విడతలవారీగా సాగుతుంది; పూర్తిచేసినవారికి ప్రాక్టీషనర్ అన్న గుర్తింపు ఇస్తారు. అయితే ఆ శిక్షణకు సైకాలజిస్టులే కాక యోగా నేర్పేవారు, మసాజ్ చేసేవారు కూడా వెళ్లవచ్చు. అది ఒక పద్ధతి నేర్చుకున్నందుకు ఇచ్చిన పత్రమే గాని మానసిక వైద్యం చేయడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాదు. రెండూ ఉన్నవారు ఉంటారు, ఒక్కటే ఉన్నవారు ఉంటారు. అందువల్ల 'మీరు ఏం చదివారు, ఎక్కడ నమోదయ్యారు, ఈ పద్ధతిలో ఏ స్థాయి వరకు శిక్షణ పొందారు, మీ పనిని పర్యవేక్షించే సీనియర్ ఎవరైనా ఉన్నారా' అన్న నాలుగు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలి. తన పనిని గౌరవించుకునే థెరపిస్ట్ వీటికి నొచ్చుకోరు.

పద్ధతి గురించి నిజం తెలుసుకోవడం కూడా హక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ట్రామా తర్వాతి ఒత్తిడి రుగ్మతకు ట్రామాపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పేది), ఇఎండీఆర్‌ను (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి) సూచించాయి. శరీర కేంద్రిత పద్ధతులపై అధ్యయనాలు వస్తున్నాయి గాని, పై రెండింటికీ ఉన్నంత ఆధారం వాటికి ఇంకా సమకూరలేదు. ఈ మాటను థెరపిస్ట్ తామే చెబితే అది మంచి గుర్తు. మూడు సెషన్లలో నయం చేస్తామన్నా, గ్యారంటీ ఇచ్చినా, సైకియాట్రిస్ట్ రాసిన మందులు ఆపేయమన్నా ఆ గదిలో ఉండాల్సిన అవసరం లేదు. మందుల మార్పు వాటిని రాసిన వైద్యుడి పని.

చట్టం ఎంతవరకు తోడుంటుంది

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. చికిత్స తీరు, దాని దుష్ప్రభావాలు తనకు అర్థమయ్యే భాషలో, రూపంలో తెలుసుకునే హక్కును 22వ సెక్షన్, గోప్యత హక్కును 23వ సెక్షన్, తన వైద్య రికార్డులను చూసే హక్కును 25వ సెక్షన్, సేవల్లో లోపం ఉంటే ఫిర్యాదు చేసే హక్కును 28వ సెక్షన్ ఇస్తాయి. కులం, మతం, లింగం, లైంగిక ధోరణి, వైకల్యం వంటి ఏ కారణంతోనూ వివక్ష చూపరాదని 21వ సెక్షన్ చెబుతుంది. ఇంగ్లిష్‌లో ఉన్న పత్రాన్ని తెలుగులో వివరించమని అడగడానికి సంకోచించేవారు ఆ 22వ సెక్షన్‌ను గుర్తుంచుకుంటే చాలు. తెలుగులో రాసిన పత్రాలు అరుదే. కనీసం నోటితోనైనా వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పించుకోవాలి. 'డిస్అసోసియేషన్' అన్న మాటకు సంతకం పెట్టడం వేరు, 'ఉన్నట్టుండి ఈ గదిలో లేనట్టు, అంతా దూరంగా జరుగుతున్నట్టు అనిపించవచ్చు' అని విని అర్థం చేసుకుని సంతకం పెట్టడం వేరు.

అయితే ఈ చట్టానికి హద్దు ఉంది. అది ప్రధానంగా 'మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి' హక్కుల గురించి మాట్లాడుతుంది. ఆలోచన, భావస్థితి, జ్ఞాపకం వంటివి తీవ్రంగా దెబ్బతిని, మంచిచెడ్డలు తేల్చుకోగల శక్తిని, రోజువారీ పనులు చేసుకోగల శక్తిని బాగా కుంగదీసిన స్థితినే అది అలా నిర్వచిస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు నడుపుకుంటూ, రోడ్డు ప్రమాదం తర్వాత వచ్చిన ఉలికిపాటు కోసం వారానికోసారి ప్రైవేటు థెరపిస్ట్ దగ్గరకు వెళ్లే మనిషి ఆ నిర్వచనంలోకి రాకపోవచ్చు. ఆ థెరపిస్ట్ కూడా చట్టం చెప్పే మానసిక ఆరోగ్య నిపుణుల జాబితాలో ఉండకపోవచ్చు. చట్టం నేరుగా చేయి అందించని ఈ చోటే ఇద్దరూ సంతకం చేసిన పత్రానికి విలువ పెరుగుతుంది. చట్టంలోని హక్కులను పత్రంలో రాయించుకుంటే అవి ఆ థెరపిస్ట్ మీకు ఇచ్చిన హామీలవుతాయి.

స్పర్శ, ఆ ఒక్క పేరా

పత్రంలో ఎక్కువసేపు ఆగి చదవాల్సిన చోటు ఇదే. కొందరు థెరపిస్టులు అసలు తాకరు. చేయి ఎక్కడ పెట్టుకోవాలో చెబుతారు, క్లయింట్ తన చేతిని తానే గుండె మీదో పొట్ట మీదో పెట్టుకుంటారు. కొందరు కూర్చున్న కుర్చీలోనే భుజానికో, వీపు పైభాగానికో, పాదానికో ఆసరాగా చేయి ఉంచుతారు. మరికొందరు మసాజ్ బల్ల లాంటి దాని మీద, ఒంటి మీద బట్టలన్నీ ఉండగానే, పడుకోబెట్టి పనిచేస్తారు. ఈ మూడింటిలో ఏది జరుగుతుందో పత్రం స్పష్టంగా చెప్పాలి. 'అవసరమైతే స్పర్శ వాడవచ్చు' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే అది చాలదు. ఎక్కడ, ఎందుకు, ఎంతసేపు, ఏ చేత్తో అన్నవి ప్రతిసారీ ముందుగా చెప్పి అడుగుతారని ఉండాలి. బట్టలు తీయాల్సిన అవసరం ఉండదని ఉండాలి. ఛాతీ, తొడల పైభాగం, జననాంగాల వంటి చోట్లను తాకరని ఉండాలి. స్పర్శ లేకుండా కూడా ఈ థెరపీ సాగుతుందని, వద్దన్నందుకు చికిత్స నాణ్యత తగ్గదని ఉండాలి. దిండును గట్టిగా పట్టుకోవడం, గోడను రెండు చేతులతో నెట్టడం, పాదాలను నేలకు అదమడం వంటివి తాకకుండానే చేసే పనులు. స్పర్శ లేకపోతే తమ పద్ధతి పనిచేయదని పట్టుబట్టే థెరపిస్టును వదిలేసి మరొకరిని చూసుకోవడమే మేలు.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. దానిపేరు మొహమాటం. పెద్దవారు, చదువుకున్నవారు, పైగా మన మంచి కోరేవారు అడిగినప్పుడు 'వద్దు' అనడానికి నోరు రాదు. 'మీ ఇష్టం డాక్టర్‌గారూ', 'సరేలెండి', 'పరవాలేదు' అంటాం. డాక్టరు కానివారిని కూడా డాక్టర్‌గారూ అనే పిలుస్తాం. కూతురు వరసదని చెప్పి తల నిమిరితే కాదనలేం. ట్రామా ఉన్నవారిలో ఈ మొహమాటానికి మరొకటి తోడవుతుంది. ఒకప్పుడు ప్రమాదంలో కొయ్యబారిపోయిన శరీరం, అలాంటి ఒత్తిడి మళ్లీ ఎదురైతే మళ్లీ అదే చేస్తుంది: నోరు పెగలదు, చేయి లేవదు, ముఖం మీద చిరునవ్వు మాత్రం అలాగే ఉంటుంది. బయటికి ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి ఈ థెరపీలో మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. 'సరేలెండి'ని కూడా తీసుకోకూడదు. నైపుణ్యం ఉన్న థెరపిస్ట్ ఆ మాట వినగానే చేయి వెనక్కి తీసుకుని, 'మీరు వద్దంటే ఎలా ఉంటుందో ఒకసారి అని చూస్తారా' అని అడుగుతారు. వద్దు అనడాన్ని సాధన చేయించడం చికిత్సలో భాగమే.

అందుకని మొదటి సెషన్‌లోనే, ఇంకా ఏమీ మొదలుకాకముందే, ఆపమనే గుర్తును ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోవాలి. అరచేయి ఎత్తడం ఒక గుర్తు. చేయి లేవని పరిస్థితి వస్తుందనుకుంటే పాదంతో నేల మీద రెండుసార్లు కొట్టడం మరో గుర్తు. ఒక చిన్న వస్తువును చేతిలో పట్టుకుని, వదిలేస్తే ఆపేయాలని కూడా అనుకోవచ్చు. ఏ గుర్తు అయినా సరే, ఒకసారి ఉత్తినే ప్రయత్నించి చూడాలి: ఏ ఇబ్బందీ లేనప్పుడే చేయి ఎత్తి, థెరపిస్ట్ నిజంగా, వెంటనే, కారణం అడగకుండా ఆగుతారో లేదో గమనించాలి. ఈ చిన్న పరీక్ష ఎన్నో పేజీల నియమావళి కంటే ఎక్కువ చెబుతుంది. సంతకం చేసిన సమ్మతి ఆ రోజంతటికీ చెల్లదు. పోయిన వారం ఒప్పుకున్నది ఈ వారానికి చెల్లదు. భుజానికి ఒప్పుకున్నది వీపుకు చెల్లదు.

గది గురించి కూడా అడిగే హక్కు ఉంది. తలుపుకు దగ్గరగా ఎవరు కూర్చుంటారు, లోపల గడియ పెడతారా, కళ్లు మూసుకోవడం తప్పనిసరా, కుర్చీని ఎంత దూరం జరుపుకోవచ్చు, థెరపిస్ట్ వెనక నిలబడతారా వంటివి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. చీకటి గదిలో జరిగినదాన్ని మోస్తున్న మనిషికి అవే పెద్దవి. స్త్రీ థెరపిస్ట్ కావాలని అడగవచ్చు. స్పర్శ ఉన్న సెషన్లలో మీకు నమ్మకమైన మనిషి గదిలో ఉండాలని కోరవచ్చు. మీ వైపునుంచి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి: గర్భం, గుండె జబ్బు, రక్తపోటు, మూర్ఛ, ఈ మధ్య జరిగిన ఆపరేషన్లు, వాడుతున్న మందులు దాచకూడదు. సెషన్ మధ్యలో వణుకు, కన్నీళ్లు, ఒళ్లు వేడెక్కడం, ఆ రాత్రి అలసట, కలలు రావచ్చునని పత్రం ముందే హెచ్చరించాలి. అవి భరించలేనంతగా ఉంటే వేగం తగ్గించమనడం మీ హక్కు. జరిగినదాన్ని వివరంగా చెప్పకపోవడం కూడా మీ హక్కే.

ఇంట్లోవాళ్లు, కోర్టు, పోలీసు

మన కుటుంబాల్లో గోప్యత మీద మొదటి ఒత్తిడి ఇంటి నుంచే వస్తుంది. ఫీజు కట్టే భర్త, తీసుకొచ్చి దింపే అన్నయ్య, 'మా కోడలు ఏమంటోందండీ' అని ఫోన్ చేసే అత్తగారు అందరూ తమకు తెలుసుకునే హక్కు ఉందనే అనుకుంటారు. ఫీజు కట్టినంత మాత్రాన సమాచారం మీద హక్కు రాదు. పద్దెనిమిదేళ్లు నిండిన క్లయింట్ లిఖితపూర్వకంగా అనుమతిస్తే తప్ప, వారు వస్తున్నారో లేదో కూడా చెప్పకూడదన్న నియమం పత్రంలో ఉండాలి. చిన్న పట్టణాల్లో మరో చిక్కు ఉంటుంది: థెరపిస్ట్ ఏదో ఒక వరసన చుట్టమో, ఒకే అపార్ట్‌మెంటువారో అవుతారు. పెళ్లిలో ఎదురుపడితే క్లయింట్ పలకరిస్తే తప్ప తాము పలకరించబోమని మంచి థెరపిస్టులు ముందే చెప్పి ఉంచుతారు. దగ్గరి బంధుత్వం, వ్యాపార సంబంధం ఉంటే వేరొకరి దగ్గరకు పంపాలి.

గోప్యతకు మినహాయింపులు ఉంటాయి. మరొకరికి హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయాన్ని తప్పించడానికి, హైకోర్టు, సుప్రీంకోర్టు వంటి అధికార సంస్థల ఆదేశం ఉన్నప్పుడు సమాచారం ఇవ్వవచ్చునని 2017 చట్టం చెబుతుంది. హాని ఆపడానికి ఇచ్చినప్పుడు కూడా అవసరమైనంత వరకే. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని గాని, జరిగే అవకాశం ఉందని గాని తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిన బాధ్యతను 2012 నాటి పోక్సో చట్టం అందరి మీదా పెట్టింది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. అందువల్ల చిన్నప్పటి సంగతులు నోరు విప్పే ముందే 'ఈ బాధ్యతను మీరు ఎలా పాటిస్తారు' అని అడగడం తెలివైన పని. ఆత్మహత్య ఆలోచనలు చెబితే కేసవుతుందన్న భయం మాత్రం అక్కరలేదు. ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ అంటుంది.

విడాకులు, గృహహింస, పిల్లల కస్టడీ కేసుల్లో ఉన్నవారు మరొక విషయం తెలుసుకోవాలి. న్యాయవాదికి చెప్పిన మాటకు సాక్ష్య చట్టంలో ఉన్న రక్షణ థెరపిస్టుకు చెప్పిన మాటకు లేదు. కోర్టు పిలిస్తే థెరపిస్ట్ వెళ్లాల్సి రావచ్చు, రికార్డులు చూపాల్సి రావచ్చు. కాబట్టి నోట్సులో ఏం రాస్తారు, ఎంత వివరంగా రాస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు, కోర్టు నోటీసు వస్తే ముందుగా మీకు చెబుతారా, హాజరైనందుకు ఫీజు తీసుకుంటారా అన్నవి మొదటి రోజే తేలాలి. శరీర కేంద్రిత థెరపీలో వీడియో తీసి భంగిమలను పరిశీలించే అలవాటు కొందరికి ఉంది. రికార్డింగుకు, పర్యవేక్షకులతో చర్చించడానికి, శిక్షణలో చూపడానికి వేర్వేరుగా అనుమతి అడగాలి. ఒక్క సంతకంతో మూడూ కలపకూడదు. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. సమాచార సేకరణ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, పొందే వీలు ఉంది.

ఫీజు, సమయం, ఫోను

ఈ భాగం త్వరగా ముగించవచ్చు. సెషన్ ఎన్ని నిమిషాలు, ఫీజు ఎంత, ఎప్పుడు పెంచుతారు, ఎన్ని గంటల ముందు చెబితే రద్దు ఫీజు ఉండదు, ముందుగా కట్టిన ప్యాకేజీ డబ్బు మధ్యలో ఆపేస్తే తిరిగి వస్తుందా అన్నవి అంకెల్లో ఉండాలి. ప్యాకేజీల విషయంలో జాగ్రత్త అవసరం: పది సెషన్లకు డబ్బు కట్టేసిన మనిషికి ఐదో సెషన్ తర్వాత 'వద్దు' అనడం మరింత కష్టమవుతుంది. మానసిక అనారోగ్యానికి కూడా శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతున్నా, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరని చికిత్సకు చెల్లించవు, ముందే కనుక్కోవాలి. సెషన్ల మధ్య వాట్సాప్ సందేశాలకు ఎప్పుడు జవాబిస్తారో, ఇవ్వరో కూడా రాసి ఉండాలి. థెరపిస్ట్ అత్యవసర సేవ కాదు; అర్ధరాత్రి పరిస్థితి విషమిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ప్రాణాపాయమైతే 112.

ఆన్‌లైన్ సెషన్‌లో స్పర్శ సమస్య ఉండదు గాని, ఒంటరితనం సమస్య ఉంటుంది. వణుకు మొదలైనప్పుడు నెట్ తెగిపోతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోవాలి. ప్రతి సెషన్ మొదట్లో మీరు ఏ చిరునామాలో ఉన్నారో థెరపిస్ట్ అడగడం మీ భద్రత కోసమే. గోడలు పలచనైన ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా మీ మాటలు బయటికి వినిపిస్తాయి. కొందరు పార్కు చేసిన కారులో కూర్చుని మాట్లాడతారు, అది తప్పేమీ కాదు, కారు నడుస్తూ మాత్రం ఉండకూడదు. అమెరికాలో ఉన్న తెలుగువారు హైదరాబాద్‌లోని థెరపిస్టుతో మాట్లాడాలనుకుంటే, అక్కడ సాధారణంగా క్లయింట్ కూర్చున్న రాష్ట్రపు లైసెన్సు అడుగుతారన్నది తెలుసుకోవాలి. ఏదైనా తేడా వస్తే ఏ దేశంలో ఫిర్యాదు చేయాలన్న ప్రశ్న వస్తుంది. అక్కడి థెరపిస్టునే ఎంచుకుని సొంత డబ్బు కట్టేవారు, ఖర్చు అంచనాను రాతపూర్వకంగా పొందే హక్కు 2022 జనవరి 1 నుంచి ఉందని గుర్తుంచుకోవాలి.

ఆపేయడం, ఫిర్యాదు చేయడం

ఏ కారణమూ చెప్పకుండా ఎప్పుడైనా ఆపేయవచ్చు. ముగింపు సెషన్ ఒకటి ఉంటే మంచిదని చాలామంది థెరపిస్టులు అంటారు. ఆ సూచన సరైనదే, కాని అది సూచనగానే ఉండాలి. మీరు భయపడి ఆపేస్తున్నట్టయితే ఆ సెషన్‌కు వెళ్లనక్కరలేదు. థెరపిస్ట్ తమంతట తాము ఆపేయాల్సి వస్తే ముందుగా చెప్పి, వెళ్లగలిగిన మరొకరి పేరు ఇవ్వాలి.

నచ్చకపోవడం వేరు, హద్దు దాటడం వేరు. వేగం ఎక్కువైంది, మాట కటువుగా ఉంది, సమయం పాటించడం లేదు వంటివి ముందుగా థెరపిస్టుకే చెప్పి చూడవచ్చు. ఆసుపత్రి వంటి మానసిక ఆరోగ్య సంస్థలో సేవా లోపమైతే అక్కడి బాధ్యుడికి, తృప్తి కలగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, ఆపై రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయాలి. సైకియాట్రిస్ట్ మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, క్లినికల్ సైకాలజిస్ట్ మీదైతే పునరావాస మండలికి, సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవారి మీదైతే వారికి శిక్షణ ఇచ్చిన సంస్థకు రాయాలి. డబ్బు తీసుకుని ఇచ్చిన సేవ కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉంటుంది. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

లైంగిక ఉద్దేశంతో తాకడం మాత్రం నియమాల ఉల్లంఘనతో ఆగదు, అది నేరం. 'ఇది చికిత్సలో భాగం' అన్న మాట దాన్ని నేరం కాకుండా చేయదు; సమ్మతి పత్రం మీద మీ సంతకం ఉన్నా చేయదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో బలప్రయోగం చేస్తే భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాది నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. ఆ రోజు మీరు చేయి విదిలించుకోలేకపోయినందుకు, కేక వేయలేకపోయినందుకు ఫిర్యాదు బలహీనపడుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. తేదీ, సమయం, జరిగినది, అన్న మాటలు అదే రోజు ఒక కాగితం మీద రాసుకోవాలి, సందేశాలను చెరపకూడదు, ఫీజు రసీదులు దాచాలి.

సంతకానికి ముందు చేర్చుకోదగిన వాక్యాలు

పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక రోజు ఉంచుకుని చదవడానికి అనుమతి అడగండి. పైన చెప్పినవాటిలో ఏవి లేవో చూసి, వాటిని మీ చేతిరాతతోనే కింద చేర్చవచ్చు. అచ్చు వేసిన కాగితానికి చేతిరాత చేర్చకూడదన్న నియమమేమీ లేదు. ఎలా రాయాలో తోచనివారికి ఒక నమూనా:

'నా మౌనాన్ని, చిరునవ్వును, సరేలెండి అన్న మాటను అంగీకారంగా తీసుకోకూడదు. తాకే ముందు ప్రతిసారీ అడిగి, నేను అవునని స్పష్టంగా చెప్పాకే తాకాలి. నేను అరచేయి ఎత్తినా, పాదంతో రెండుసార్లు తట్టినా కారణం అడగకుండా వెంటనే ఆపాలి. నా సెషన్ల గురించి నా కుటుంబంలో ఎవరికీ, ఫీజు కట్టేవారికి కూడా, నా రాతపూర్వక అనుమతి లేకుండా చెప్పకూడదు. వీడియో, ఆడియో తీయడానికి నేను ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. ఈ పత్రంలోని విషయాలు నాకు తెలుగులో వివరించారు.'

ఆ చివరి వాక్యాన్ని నిజంగా వివరించిన తర్వాతే రాయాలి. రెండు ప్రతుల మీద ఇద్దరూ సంతకం చేసి తేదీ వేయాలి. ఒక ప్రతి మీ వెంట రావాలి, అది కుదరకపోతే అక్కడే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ఆరు నెలలకోసారి దాన్ని ఇద్దరూ కలిసి మళ్లీ చదివి, మారినవి మార్చుకోవాలి. మొదటి నెలలో స్పర్శ వద్దనుకున్నవారు తర్వాత భుజం వరకు సరే అనుకోవచ్చు, సరే అనుకున్నవారు వద్దనుకోవచ్చు. కొట్టివేత పక్కన చిన్న సంతకం, తేదీ ఉంటే సరిపోతుంది.